మారీచుని గొంతు - మన ఇంటి పెద్దలు

(శ్రీమద్రామాయణ ప్రవచన సప్తాహంలో అరణ్యకాండ సందర్భమున చేసిన ప్రసంగపాఠము)

శ్రీసీతారామచంద్ర పరబ్రహ్మణే నమః.



నిన్నటి సాయంకాలం మనం అరణ్యకాండలో మాయలేడి ఘట్టం వరకు వచ్చి ఆగినాము. మంగళహారతి అయిన పిదప ఒక వృద్ధ మాతృమూర్తి మండపం మెట్ల దగ్గర నన్ను నిలిపి, "శాస్త్రులుగారూ! మొన్న ఫోనులో మా మనుమని గొంతు వినబడినది. పోలీసుస్టేషనులో ఉన్నాను, వెంటనే డబ్బు పంపు నాయనమ్మా అని ఏడ్చినాడు. తీరా చూస్తే వాడు హాయిగా కళాశాలలో ఉన్నాడు. గొంతును కూడా దొంగిలిస్తారా అండీ?" అని అడిగినారు. "అమ్మా! మీ ప్రశ్నకు సమాధానం రేపటి కథలోనే ఉన్నది, తప్పక రండి" అని మనవి చేసినాను. వారు ముందు వరుసలోనే కూర్చుని ఉన్నారు. కావున నేటి ప్రసంగం వారి ప్రశ్నకే సమర్పితం.

ఆ ఘట్టాన్ని స్మరిద్దాం. శ్రీరామచంద్రుడు లేడి వెంట చాలా దూరం వెళ్ళినాడు. రామబాణం తగిలిన మారీచుడు ప్రాణం విడిచేముందు అచ్చముగా రాముని కంఠస్వరంతో, సీతను లక్ష్మణుని పేరుపెట్టి పిలుస్తూ ఆర్తనాదం చేసినాడు. ఆశ్రమంలో ఆ కేక విన్నవారు ఇద్దరు. లక్ష్మణస్వామి చలించలేదు. అది అన్నగారి గొంతు కాదు, రాక్షసమాయ అని చెప్పినాడు. సీతమ్మవారు మాత్రం తల్లడిల్లిపోయినారు. దీనిని చూచి లక్ష్మణునికి తెలివి ఎక్కువనీ, అమ్మవారికి తక్కువనీ ఎవరైనా అనుకుంటే అంతకుమించిన అపచారం లేదు. జనకమహారాజు ఇంట పెరిగిన తల్లికి వివేకం కొరవడుతుందా? ఆ కేక పోయి తాకినది ఆమె బుద్ధిని కాదు, భర్తపై ఆమెకు గల ప్రేమను. ప్రాణప్రదమైనవారికి ఆపద వచ్చినదన్న మాట చెవిన పడిన క్షణంలో విచారణకు తీరిక ఎక్కడిది?

గమనించండి. రావణుడు ఆ దినమున మూడు మెట్లు ఎక్కి ఆశ్రమ ద్వారం చేరినాడు. మొదటి మెట్టు భయం. దానిని మారీచుని గొంతు కల్పించినది. రెండవ మెట్టు ఏకాంతం. కాపుగా ఉన్న లక్ష్మణుడు దూరమైనాడు. మూడవ మెట్టు వేషం. కాషాయాంబరం, దండం, కమండలువు ధరించి పరివ్రాజకునివలె వచ్చినాడు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ అపహరణం జరిగి ఉండేది కాదు.

నేటి టెలిఫోను మోసానికి కూడా మెట్లు ఈ మూడే. మొదట భయం. "మీ పేరుమీద వచ్చిన పార్సిలులో మత్తుపదార్థాలు దొరికినవి" అంటారు. "మీ ఆధార్ నంబరుతో తెరిచిన ఖాతాలో అక్రమ ధనం ఉన్నది" అంటారు. "ఈ రాత్రికి మీ ఇంటికి కరెంటు నిలిపివేస్తున్నాము" అంటారు. పింఛనుదారులు నవంబరు మాసంలో లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వవలసి ఉంటుందని దొంగలకు తెలుసు. కావున ఆ రోజులలో, "మీ పత్రం అందలేదు, పింఛను ఆగిపోతుంది, ఫోనుకు వచ్చిన అంకెలు చెప్పండి" అంటారు. ఇక గొంతు సంగతి. కృత్రిమ మేధతో పనిచేసే సాధనాలు నేడు వచ్చినవి. ఒక మనిషి మాట కొన్ని క్షణాలపాటు దొరికితే చాలు, అదే గొంతుతో వేరొక మాట పలికించగలవు. పెళ్ళి వీడియోలో మాట్లాడిన మాటలైనా సరిపోవచ్చును. అమ్మా! మీరు విన్నది మారీచుని గొంతే. త్రేతాయుగంలో దానికి రాక్షసమాయ కావలసివచ్చినది, నేడు యంత్రం చాలును.

రెండవది ఏకాంతం. "ఈ సంగతి ఎవరికీ చెప్పరాదు. చెబితే వారిని కూడా కేసులో చేరుస్తాము. ఫోను పెట్టివేయరాదు. గది తలుపు వేసుకోండి" అని ఆజ్ఞాపిస్తారు. గంటల తరబడి, కొందరిని దినముల తరబడి ఇట్లు ఫోను ఎదుటనే కూర్చోబెట్టినారు. మూడవది వేషం. వీడియో కాల్‌లో ఖాకీ దుస్తుల మనిషి కనబడతాడు. వెనుక గోడపై ప్రభుత్వ చిహ్నం ఉంటుంది. న్యాయస్థానం ముద్రతో ఉన్న కాగితం చూపిస్తారు.

ఈ వేషం ఎంత దూరం పోయినదో వినండి. హర్యానాలోని అంబాలాకు చెందిన వృద్ధ దంపతులకు సాక్షాత్తు సుప్రీంకోర్టు పేరిట సృష్టించిన దొంగ ఉత్తర్వులను చూపి, కోటి రూపాయలకు పైగా కాజేసినారు. ఆ తల్లి న్యాయస్థానానికి లేఖ వ్రాసుకొన్నారు. దానిపై సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో తనంతట తానుగా విచారణ చేపట్టినది. అదే సంవత్సరం డిసెంబరు 1న ఇటువంటి మోసాల దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించినది. దొంగలు దీనికి పెట్టుకొన్న పేరు "డిజిటల్ అరెస్టు". భారతదేశపు చట్టాలలో ఆ పేరుగల అరెస్టు ఏదియు లేదు. ఫోనులో అరెస్టు చేయు పద్ధతి లేదు. విచారణ కోసం ఖాతాలోని సొమ్మును వేరొక ఖాతాకు పంపమని ఏ పోలీసు అధికారీ, ఏ న్యాయమూర్తీ అడుగరు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ తమ రేడియో ప్రసంగంలో ఈ సంగతినే దేశప్రజలకు చెప్పి, అటువంటి పిలుపు వచ్చినపుడు ముందు ఆగవలెననీ, ఆలోచించవలెననీ, ఆపైన తగిన చర్య తీసుకోవలెననీ సూచించినారు.

ఇంత తెలిసి కూడా చదువుకొన్న పెద్దలు ఎట్లు మోసపోతున్నారని కొందరు యువకులు నన్ను అడుగుతుంటారు. నాయనలారా! ఆ సమాధానమూ వాల్మీకి మహర్షియే ఇచ్చినారు. యతివేషంలో వచ్చినవానికి సీతమ్మ ఆసనమిచ్చినది, అర్ఘ్యపాద్యాదులిచ్చినది. అతడు అడుగగా తన పేరు, తండ్రి పేరు, అత్తవారి ఇంటి వృత్తాంతం సమస్తం చెప్పినది. ఎందుకు చెప్పినది? ఇంటికి వచ్చిన అతిథి, పైగా బ్రాహ్మణుడు; బదులు చెప్పకపోతే శపిస్తాడేమో అని శంకించినట్లు మహర్షి స్పష్టంగా వ్రాసినారు. మన పెద్దల మనస్సు సరిగా ఇదే. అడిగినవారికి బదులు చెప్పకుండా ఫోను పెట్టివేయడం అమర్యాద అని నేర్చి పెరిగిన తరం అది. ప్రభుత్వం వారు పిలిస్తే చేతులు కట్టుకొని నిలబడిన తరం. ఒక్క పైసా అప్పు లేకుండా, ఒక్కనాడు పోలీసుస్టేషను గడప తొక్కకుండా బ్రతికిన మనిషికి, "మీమీద కేసు ఉన్నది" అన్న మాట పిడుగుపాటు. మానం పోతుందన్న భయం ముందు సొమ్ము వారికి గడ్డిపోచ. వారి మర్యాదను, వారి సచ్ఛీలాన్ని దొంగ ఆయుధంగా తిప్పి వారిమీదనే ప్రయోగిస్తున్నాడు. దీనిని పెద్దల అజ్ఞానమనుట న్యాయం కాదు.

దీనికితోడు ఏకాంతాన్ని దొంగ క్రొత్తగా కల్పించనక్కరలేదు. మనమే కల్పించి ఉంచినాము. కుమారుడు హైదరాబాదులో, కుమార్తె బెంగుళూరులో, చిన్నవాడు అమెరికాలో. ఊరిలోని ఇంట ఇద్దరు ముసలివారు, కొన్ని ఇండ్లలో ఒక్కరే. పగలంతా మ్రోగని ఫోను ఒక్కసారి మ్రోగితే, అవతల ఎవరైనా సరే, "అమ్మా" అని పిలిస్తే మాట్లాడాలనిపిస్తుంది.

ఇక్కడ నా ఇంటి కథ ఒకటి దాచకుండా చెప్పుకోవలసి ఉన్నది. వ్యాసపీఠంపై కూర్చుని ఇతరులకు ధర్మం చెప్పేవాడు తన తప్పును కప్పిపుచ్చరాదు.

మా పెదనాన్నగారు ముప్పది ఆరు సంవత్సరాలు ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి పొందినవారు. నాకు బాలరామాయణం నేర్పినది వారే. ఒకనాడు బ్యాంకు పేరు చెప్పి ఎవరో ఫోను చేయగా, కార్డు ఆగిపోతుందని భయపడి ఓటీపీ చెప్పినారు. 42,000 రూపాయలు పోయినవి. ఆ సాయంకాలమే నాకు చెప్పినారు. నేనేమి చేసినాను? ఓదార్చలేదు. "ఇంత చదువుకొని మీకు ఆ మాత్రం తెలియదా? పేపరులో రోజూ వ్రాస్తూనే ఉన్నారు కదా!" అని పదిమంది ఎదుట కేకలు వేసినాను. వారు తలవంచుకొని లోపలికి వెళ్ళిపోయినారు.

రెండు నెలలు గడిచినవి. మరొక ఫోను వచ్చినది. "మేము సైబర్ పోలీసులము. మీ సొమ్ము దొరికినది. తిరిగి పంపడానికి ముందుగా కొంత రుసుము కట్టవలెను" అన్నారు. ఒకసారి మోసపోయినవారి పేర్లు దొంగల చేతిలో ఉంటాయి, వారినే మరల ఈ విధంగా పట్టుకొంటారు. పోయిన సొమ్ము తెచ్చి నా ముందు పెట్టి తల ఎత్తుకోవాలని పెదనాన్నగారి ఆశ. దఫదఫాలుగా 1,60,000 రూపాయలు కట్టినారు. అది కూడా పోయిన తరువాత పెద్దమ్మగారి వల్ల నాకు తెలిసి పరుగెత్తుకొని వెళ్ళినాను. వారు నా ముఖం చూడలేదు. చివరకు అన్నారు, "నీకు చెబుదామని రెండుసార్లు ఫోను చేతికి తీసుకొన్నానురా. మళ్ళీ కేకలు వేస్తావేమోనని పెట్టివేసినాను."

భగవద్బంధువులారా! మొదటి 42,000 తీసుకొన్నవాడు దొంగ. రెండవసారి పోయినదానిలో నాకు భాగం ఉన్నది. ఆ దినం నా నోట పరుషవాక్యం రాకుండా ఉంటే, వారు నాకు ఫోను చేసేవారు, నేను ఆపి ఉండేవాడను. పంచవటిలో పరుషవాక్యం విని రక్షకుడు దూరమైనాడు. మా ఇంట ఆ పరుషవాక్యం పలికినవాడు రక్షకుడే. అక్కడ కూడా చూడండి. తిరిగివచ్చిన శ్రీరాముడు ముందుగా ప్రశ్నించినది లక్ష్మణుని: ఒంటరిగా ఎందుకు విడిచి వచ్చితివి అని. కాపు ఉండవలసినవానిదే జవాబుదారీ.

ఇక దీనికి తరణోపాయం సుందరకాండలో ఉన్నది. అశోకవనంలో హనుమంతుడు సీతమ్మ ఎదుట నిలిచి, రామదూతనని చెప్పుకొన్నాడు. తల్లి వెంటనే నమ్మలేదు. ఒకసారి వేషానికి మోసపోయిన తల్లి. ఇతడు కూడా రావణుడే ఈ రూపంలో వచ్చినాడేమో అని శంకించినది. రామలక్ష్మణుల రూపలక్షణాలు చెప్పమని అడిగినది. హనుమ నొచ్చుకొన్నాడా? "నేనెవరో తెలుసా, నన్నే పరీక్షిస్తావా" అని గద్దించినాడా? లేదు. వినయంతో ఆపాదమస్తకం వర్ణించినాడు. తరువాత రామనామాంకితమైన అంగుళీయకం ఇచ్చినాడు. అప్పుడు తల్లి నమ్మినది. నిజమైన దూత పరీక్షకు కోపగించడు. ఇది పెద్దలందరూ హృదయంలో నిలుపుకోవలసిన గుర్తు. "మీ పేరు, కార్యాలయం చెప్పండి, నేను మా అబ్బాయితో కలిసి వచ్చి కనుక్కొంటాను" అన్నపుడు నిజమైన అధికారి సరేనంటాడు. దొంగ మండిపడతాడు, తొందరపెడతాడు.

తల్లి అంతటితో ఆగలేదు. రామునికి ఆనవాలుగా చూడామణి ఇచ్చినది. చిత్రకూటంలో జరిగిన కాకాసుర వృత్తాంతం కూడా చెప్పి పంపినది. అది ఆ దంపతులిద్దరికే తెలిసిన సంగతి. మణిని ఎవరైనా దొంగిలించవచ్చును, ఆ రహస్యాన్ని దొంగిలించలేరు. అట్లే గొంతును దొంగిలించవచ్చును, ఇంటి గుర్తుమాటను దొంగిలించలేరు.

లక్ష్మణరేఖ వాల్మీకి మూలంలో కనబడదు, తరువాతి రామకథలలోను జనుల నోటను వెలసినది. అయినా మన ఇండ్లకు నేడు అటువంటి గీత అవసరం. ఐదు నియమాలు మనవి చేస్తాను.

ఒకటి. ప్రతి ఇంటికి ఒక గుర్తుమాట ఉండవలెను. తాతగారి ఊరిలోని బావి పేరో, చిన్ననాటి ఆవు పేరో ఏదైనా సరే. ఆపద అని ఎవరి గొంతు వినబడినా పెద్దలు ఆ మాట అడుగవలెను. దానిని ఫోనులో వ్రాసి ఉంచరాదు, నోటితో చెప్పుకొనవలెను.

రెండు. భయపెట్టే పిలుపు వస్తే ఫోను పెట్టివేయుటయే ధర్మం. అది అమర్యాద కాదు. పెట్టివేసి, మనకు ముందునుండి తెలిసిన నంబరుకు మనమే ఫోను చేయవలెను. మనుమడని ఏడ్చినవాడు నిజముగా మనుమడైతే, వాని నంబరుకు చేసినపుడు వాడే పలుకుతాడు.

మూడు. ఓటీపీ, పిన్, కార్డు వెనుక ఉండే మూడు అంకెలు ఎవరికీ చెప్పరాదు. బ్యాంకువారైనా అడుగరు. బ్యాంకుల సేవా పిలుపులు 1600 అంకెలతో మొదలయ్యే నంబర్లనుండి రావలెనని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో ఉత్తర్వు ఇచ్చినది. అయితే ఏ నంబరునుండి వచ్చినా సరే, ఓటీపీ అడిగితే అది దొంగ పిలుపే అనుకోవలెను. యూపీఐలో డబ్బు మనకు రావడానికి పిన్ నొక్కనక్కరలేదు, ఇవ్వడానికి మాత్రమే నొక్కవలెను.

నాలుగు. ఎవరో ఫోనులో చెప్పినారని ఏ యాప్‌ను ఎక్కించుకోరాదు, తెలియని లింకును నొక్కరాదు. కొన్ని యాప్‌ల వలన మన ఫోను తెర అంతా అవతలివానికి కనబడుతుంది.

ఐదు. ఇది పిల్లలకు. జీవితకాలపు పొదుపును ఫోనుతో ముడిపడిన ఖాతాలో ఉంచనివ్వకండి. నెల ఖర్చులకు చిన్న ఖాతా వేరుగా ఉంచి, దానికే ఫోను సదుపాయం పెట్టించండి. రోజుకు పంపగల మొత్తానికి పరిమితి తక్కువగా పెట్టించండి. అయితే ఇదంతా పెద్దలను అడిగి, వారి సమ్మతితో చేయవలెను. వారి పాసుపుస్తకం లాగుకొని "ఇక మీరు ముట్టుకోవద్దు" అనుట రక్షణ కాదు. అది మరొక విధమైన అపహరణం.

ఇన్ని జాగ్రత్తలు తీసుకొన్నా మోసం జరిగితే ఏమి చేయవలెను? ఒక్క క్షణం ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఇది సైబర్ ఆర్థిక నేరాలకు దేశమంతటికీ ఉన్న నంబరు. మన సొమ్ము దొంగ చేతిలోనికి వెళ్ళేముందు ఒక ఖాతానుండి మరొక ఖాతాకు మారుతూ పోతుంది. తొలి గంటలలోనే తెలిపితే దారిలోనే దానిని నిలిపివేయగల అవకాశం ఉన్నది. వెంటనే బ్యాంకుకు కూడా తెలుపవలెను. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఉత్తర్వులో ఒక సూత్రం ఉన్నది. రహస్య సంఖ్యను ఖాతాదారుడే చెప్పినందువలన పోయిన సొమ్ము, బ్యాంకుకు తెలిపేవరకు అతని నష్టం; తెలిపిన తరువాత కూడ అనుమతి లేకుండా పోతే అది బ్యాంకు భరించవలెను. కావున సిగ్గుతో దాచిన ప్రతి గంటా నష్టమే. ఒంటరిగా ఉన్న పెద్దలకు సలహా సహాయాల కోసం 14567 అను నంబరు కూడా ఉన్నది. ఈ రెండు నంబర్లను పెద్ద అక్షరాలతో వ్రాసి, దేవుని గదిలో పంచాంగం పక్కన అంటించండి.

చివరగా జటాయువును తలచుకోకుండా ఈ ఘట్టం ముగియదు. అతడు ఆ ఇంటివాడు కాడు. దశరథునికి మిత్రుడు, వయస్సు మళ్ళిన పక్షి. దారిలో ఆ ఆర్తనాదం వినబడినది, అడ్డుపడినాడు. ఓడిపోతానని తెలిసీ అడ్డుపడినాడు. భద్రాచలానికి ఎగువన గోదావరి తీరంలోని పర్ణశాలను చూచినవారు సీతమ్మను తలచుకొంటారు. హిందూపురం దగ్గరి లేపాక్షికి వెళ్ళినవారు, ఆ పక్షిని శ్రీరాముడు "లే, పక్షీ" అని పిలిచినందువల్లనే ఊరికి ఆ పేరు వచ్చినదని స్థలపురాణం వింటారు. అడ్డుపడినవానికి మన తెలుగునేల ఇచ్చుకొన్న గౌరవం అది.

ప్రతి వీధిలో ఒక జటాయువు కావలెను. హైదరాబాదులోనే, కంగారుగా ఫిక్స్‌డ్ డిపాజిట్టు రద్దు చేయమని వచ్చిన పెద్దలను బ్యాంకు ఉద్యోగులు కూర్చోబెట్టి, నెమ్మదిగా నాలుగు ప్రశ్నలు వేసి, మోసాన్ని ఆపిన సందర్భాలున్నవి. ఆ ఉద్యోగులు చేసినది పూజయే. పక్కింటి మామ్మగారు రెండు రోజులుగా తలుపు తీయకపోతే, ఫోను చెవినుండి దించకపోతే, వెళ్ళి తలుపు తట్టండి. "మనకెందుకు" అనుకొనువాడు జటాయువు కథ విన్న ఫలం పొందడు.

మా పెదనాన్నగారు ఇప్పటికీ ఆ ఊరిలోనే ఉన్నారు. పోయిన సొమ్ము రాలేదు. నేను ప్రతిదినం రాత్రి ఎనిమిది గంటలకు వారికి ఫోను చేస్తాను. మొదట్లో రెండు మాటలతో ముగించేవారు. ఈమధ్య వారే, "ఒరే, ఇవాళ ఇట్లాంటి ఫోను ఒకటి వచ్చినదిరా, పెట్టివేసినాను" అని చెప్పుతున్నారు. ఆ మాట విన్నపుడు నాకు కలిగిన ఆనందం ఏ సన్మానంలోను కలుగలేదు.

తల్లిని, తండ్రిని దైవముగా భావించమని ఉపనిషత్తు చెప్పినది. దైవాన్ని అర్చించడానికి వచ్చిన మీ అందరికి నా ప్రార్థన ఒక్కటే. ప్రసాదం స్వీకరించి ఇంటికి చేరగానే, దూరాన ఉన్న మీ పెద్దలకు ఫోను చేయండి. గుర్తుమాట ఒకటి అనుకోండి. "ఏమి జరిగినా సరే, ముందు నాకు చెప్పండి, నేను కోపగించుకోను" అని మాట ఇవ్వండి. ఇచ్చిన మాటను రామునివలె నిలుపుకోండి.

శ్రీసీతారామచంద్రులు మన పెద్దలందరికి ఆయురారోగ్యములను, మనశ్శాంతిని ప్రసాదించుగాక!

స్వస్తి.